మా చేతికొచ్చిన గుడ్డు రేటు కూడా రోజూ ప్రకటించండి: పశుసంవర్ధక, మార్కెటింగ్ శాఖలకు ఒక లేయర్ రైతు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల పశుసంవర్ధక శాఖ, వ్యవసాయ మార్కెటింగ్ శాఖ మంత్రులకు, ఉన్నతాధికారులకు నమస్కారం.

మాది తూర్పు గోదావరి జిల్లాలో అనపర్తి దగ్గర ఒక పల్లె. 15 వేల లేయర్ కోళ్ల షెడ్డు మాది, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్లు. లక్షల్లో కోళ్లుండే ఫారాలున్న ఈ ప్రాంతంలో మమ్మల్ని చిన్న రైతుల కిందే లెక్కేస్తారు. దాణా, మందులు, కూలీల సంగతి మా ఆయన చూసుకుంటారు. లెక్కలు నేను రాస్తాను. ఆ లెక్కల పుస్తకం పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడగదలుచుకున్నది ఒక్కటే. గుడ్లకు రోజూ వచ్చే పేపర్ రేటు పక్కనే, ఆ రోజు రైతు చేతికి నిజంగా వచ్చిన రేటును కూడా ప్రభుత్వం ప్రకటించాలి.

ఈ వ్యాపారం బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. గుడ్ల రేటు 100కి చెబుతారు. 540 అన్నారంటే గుడ్డు 5 రూపాయల 40 పైసలని అర్థం. అది పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, ఇప్పుడైతే అందరి ఫోన్లలోకీ వస్తుంది. అది చూసి రైతుకు 5.40 ముట్టిందనే అందరూ అనుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా "ఈసారి మీకు బాగుంది కదా వదినా" అంటారు. లోడు ఎత్తాక వ్యాపారి మనిషి ఇచ్చే చిట్టీ వాళ్లు చూడరు. అందులో పైన 540 ఉంటుంది. దాని కింద మైనస్ 30. ఆ కింద డ్యామేజీ ఇన్ని గుడ్లని ఒక అంకె. చివర్లో మాకిచ్చే మొత్తం.

ఈ మైనస్ ఏ పేపర్లోనూ రాదు. పేపర్ రేటు మీద వ్యాపారి తగ్గించుకునే సొమ్మును మేమంతా మైనస్ అనే అంటాం. ఒకరోజు 15 పైసలుంటుంది, ఒకరోజు 40 పైసలుంటుంది. ఎందుకండీ అని అడిగితే "కలకత్తాలో సరుకు కదల్లేదమ్మా" అంటారు. ఇంకోరోజు "ఒడిశాలో స్టాకు నిలిచిపోయింది" అంటారు. మరోరోజు "తమిళనాడులో నామక్కల్ వాళ్లు తక్కువకి దింపుతున్నారు" అంటారు. నిజమే కావచ్చు. వ్యాపారులందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. లారీ కిరాయి, దారిలో పగిలిన గుడ్లు, అక్కడ అరువిచ్చి నెలలు తిరిగినా వసూలు కాని డబ్బు, ఇవన్నీ వాళ్ల నెత్తి మీదే పడతాయి. కానీ చెప్పింది నిజమో కాదో తెలుసుకునే దారి మాకు ఒక్కటీ లేదు. వ్యాపారికి పది ఊళ్ల సంగతి తెలుసు. మాకు మా షెడ్డు సంగతే తెలుసు.

30 పైసలంటే చాలామందికి చిన్నదిగా అనిపిస్తుంది. మా షెడ్డు లెక్కే చెబుతాను. బ్యాచ్ మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు 13 వేల గుడ్లు వస్తాయి. గుడ్డుకు 30 పైసలు పోతే రోజుకు 3,900 రూపాయలు. అదే మైనస్ నెలంతా నడిస్తే 1,17,000. షెడ్డులో పనిచేసే కుటుంబాల జీతాలు, కరెంటు బిల్లు కలిపినా మాకు నెలకు అంత కాదు. ఇంత సొమ్ము ఏ లెక్కతో పోతుందో ఏ ప్రభుత్వ రికార్డులోనూ లేదు.

ఇంకో విషయం ఉంది. ఒకే రోజు, ఒకే ఊళ్లో అందరికీ ఒకే మైనస్ పడదు. పెద్ద ఫారానికి తక్కువ, చిన్న షెడ్డుకు ఎక్కువ. దాణాకో, పాత బాకీకో వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్లు వేరేవాళ్లకు అమ్మలేరు. మాకు ఇది తెలిసింది కూడా ఒక పెళ్లి భోజనాల దగ్గర. పక్కూరి రైతు భార్య, నేను మాటల్లో పడి ఆ వారం చిట్టీలు పోల్చుకున్నాం. ఒకే లారీకి ఎక్కిన గుడ్లకు మా ఇద్దరికీ మధ్య 12 పైసలు తేడా. సరుకులో తేడా లేదు, గుడ్డు సైజులో తేడా లేదు. ఎవరికి ఎంత ఇచ్చారో ఇంకొకరికి తెలియదన్న ధైర్యమే ఆ తేడా.

"మరి అమ్మకండి, రేటొచ్చేదాకా ఆపుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని చూడగలడు. ధాన్యం కొన్నాళ్లు బస్తాల్లో ఉంటుంది. కోడి మాత్రం పెట్టడం ఆపదు. ఈ రోజు ట్రేలు ఖాళీ కాకపోతే రేపటి గుడ్లు పెట్టే చోటుండదు. మే నెలలో గోనెపట్టాలు కట్టి, నీటి తుంపర్లు చల్లే ఫాగర్లు వేసి, కోళ్లు వడదెబ్బకు పడిపోకుండా చూసుకుంటూ ఉంటాం. ఆ ఎండల్లో మామూలు గదిలో గుడ్డు ఎన్నాళ్లు ఆగుతుంది? ఫోన్ పెట్టేసేలోపు మేం ఒప్పుకోక తప్పదని అవతలి మనిషికి తెలుసు.

ఈ పేపర్ రేటును రోజూ సూచించే నెక్ గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. 1982లో ఈ నెక్, అంటే నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ, పుట్టకముందు మా మామగారి తరం చూసిన రోజులు ఇంతకంటే ఘోరం. దూరపు నగరాల్లో కూర్చున్న వ్యాపారులు ఎంతంటే అంతకే ఇక్కడ గుడ్డు అమ్మేవాళ్లు. పెట్టుబడి రాక షెడ్లు మూసేసినవాళ్ల కథలు ఆయన చెప్పేవారు. వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన డాక్టర్ బి.వి.రావు గారు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. "నా గుడ్డు, నా ధర, నా జీవితం" అన్న నినాదంతో, రేటు చెప్పే హక్కు రైతుదే అన్నారు. ఆ మేలు మేం మరిచిపోలేదు. దేశమంతా ఒక అంకె చూసి బేరం మొదలుపెట్టగలుగుతోందంటే అది ఆ ఉద్యమం వల్లే.

కానీ ఆ అంకెకు ఉన్న బలం ఎంతో తెలుసుకోవాలి. నెక్ తన వెబ్‌సైట్లోనే స్పష్టంగా రాసింది: ఇవి సూచించే ధరలు మాత్రమే, సమాచారం కోసం ఇస్తున్నవి, పాటించడం ఎవరిష్టం వాళ్లది. అందులో పట్టిక రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి నెక్ సూచించిన ధరలు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, చిత్తూరు, అంటే రేటు చెప్పే మన కేంద్రాలన్నీ అందులోనే ఉంటాయి. రెండోది మార్కెట్లో నడుస్తున్న ధరలు. అందులో పట్నా, కాన్పూర్, వారణాసి, రాంచీ లాంటి ఊళ్లుంటాయి. గుడ్డు తినే ఊళ్లలో నడిచే రేటు కనిపిస్తోంది. గుడ్డు పండించే మా ఊళ్లలో నడిచిన రేటు ఎక్కడా కనిపించదు. ఆ ఖాళీ నింపమని అడగాల్సింది నెక్‌ని కాదు. అది రైతుల సంఘం, దానికి అధికారం లేదు. అధికారం ఉన్నది మీకే.

మిగతా పంటలకు మీరు ఈ పని చేస్తూనే ఉన్నారు. గుంటూరు యార్డుకు ఈ రోజు ఎన్ని టిక్కీల (బస్తాల) మిర్చి వచ్చిందో, ఏ రకం ఎంతకు పోయిందో సాయంత్రానికల్లా తెలుస్తుంది. మా కోళ్లకు పెట్టే మొక్కజొన్నే తీసుకోండి. ఏ మార్కెట్‌కు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైంది, అన్నీ మార్కెట్ ధరల ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజూ పెడతారు. మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2,225 ఉంటే 2025-26కు 2,400 చేశారు. ఇథనాల్‌కు మొక్కజొన్న వాడకం పెరిగాక మార్కెట్ ఎలా మారిందో మేం యార్డు ధరలు చూసే తెలుసుకుంటున్నాం. ఆ రైతుకు మంచి ధర రావాలనే మేమూ కోరుకుంటాం, మా బంధువుల్లో సగం మంది ఆ పంట వేసేవాళ్లే. కోడి రోజుకు 110 గ్రాముల దాకా దాణా తింటుంది. మా ఖర్చులో పది రూపాయలకు ఏడు రూపాయలు దాణాకే పోతాయి. మేం కొనే సరుకు ధర బహిరంగం, మేం అమ్మే సరుకు ధర రహస్యం. ఈ పద్ధతిలో ఏ రైతైనా ఎలా లెక్కేసుకుంటాడు? కొత్త బ్యాచ్ వేయాలా, ముదురు కోళ్లను ఇంకో నెల ఉంచాలా, బ్యాంకులో ఎంత అప్పు తట్టుకోగలం, ఇవన్నీ చేతికొచ్చే రేటు మీద నడిచే నిర్ణయాలు. బ్యాంకు మేనేజరు మాత్రం ప్రాజెక్టు రిపోర్టులో పేపర్ రేటే వేసుకుంటాడు. వాయిదా కట్టేది చిట్టీలో వచ్చిన డబ్బుతో.

మన గుడ్లు ఎటు పోతాయో, ఆ దారి ఎలా మారుతోందో కూడా మీ దగ్గర లెక్కలున్నాయి. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022-23లో దేశంలో 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తయితే అందులో 20.13 శాతం ఆంధ్రప్రదేశ్‌వి. మరుసటి ఏడాది దేశం మొత్తం 14,277 కోట్లకు పెరిగింది, మన వాటా 17.85 శాతానికి తగ్గింది. తెలంగాణ 13 శాతానికి దగ్గరగా నిలకడగా ఉంది. అదే సమయంలో పశ్చిమ బెంగాల్ వాటా 9.94 నుంచి 11.37కి పెరిగింది. గోదావరి జిల్లాల నుంచి 210 గుడ్ల పెట్టెలు కట్టి లారీలు బయలుదేరేది ముఖ్యంగా ఆ దిక్కుకే. కొనే రాష్ట్రమే సొంతంగా పండించుకుంటూ ఉంటే మా బేరం బలం ఇంకా తగ్గుతుంది. "కలకత్తాలో కదల్లేదమ్మా" అన్న మాట ఇకపై ఇంకా ఎక్కువసార్లు వింటాం. ఎన్నిసార్లు నిజమో తేల్చే లెక్క ఇప్పటినుంచే మొదలవ్వాలి.

2025 ఫిబ్రవరి నాటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లు చనిపోతే నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు పంపారు, బర్డ్ ఫ్లూ అని తేలింది. ఆ ఫారాల చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లను పూడ్చిపెట్టారు, 10 కిలోమీటర్లు నిఘాలో పెట్టారు. రాష్ట్ర సరిహద్దుల్లో కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. మీ శాఖ సిబ్బంది ఆ రోజుల్లో నిద్ర లేకుండా పనిచేశారు, అది మేం కళ్లారా చూశాం. బాగా ఉడికించిన గుడ్డు, మాంసం తింటే ఏమీ కాదని డాక్టర్లు చెప్పినా జనం కొన్నాళ్లు భయపడ్డారు. అది సహజం. మా ఫారం నిఘా పరిధిలో లేదు. మా కోళ్లకు ఏమీ కాలేదు. అయినా ఆ వారాల్లో మాకు పడిన మైనస్ నా పుస్తకంలో అంతకుముందు ఏ పేజీలోనూ లేదు. పేపర్ రేటు మెట్టు మెట్టుగా దిగుతుంటే మైనస్ ఒక్కసారిగా పెరిగింది. తర్వాత నష్టం ఎంతని అధికారులు అడిగినప్పుడు చూపించడానికి మా దగ్గర చిట్టీలున్నాయి, కొందరి దగ్గర అవీ లేవు. పేపర్ రేటు ప్రకారం చూస్తే నష్టం సగమే కనిపిస్తుంది. వ్యాధి వచ్చిన ఫారానికి పరిహారం ఉంది. భయం పేరుతో కోత పడిన వందల ఫారాల నష్టం కొలవడానికి కొలమానమే లేదు.

వినియోగదారులకూ దీంతో సంబంధం ఉంది. చలికాలంలో కొట్టులో గుడ్డు 7, 8 రూపాయలు పలికినప్పుడు టీవీల్లో "కొండెక్కిన కోడిగుడ్డు" అని వేస్తారు. తిట్లు మాకు. ఆ 8 రూపాయల్లో ఫారం దగ్గర ఎంత, దారిలో ఎంత, కొట్టులో ఎంత అన్నది అంకెలతో చెప్పే స్థితి ఉంటే జనమే అర్థం చేసుకుంటారు. కార్తీకంలో మన దగ్గర అమ్మకం పడిపోయి ఫారం రేటు తగ్గినప్పుడు కొట్టులో ఎందుకు తగ్గలేదో కూడా వాళ్లే అడుగుతారు. పైగా బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీలకు కోట్ల గుడ్లు కొనే మీరే పెద్ద కొనుగోలుదారు. ప్రజల డబ్బుతో కొనే ఆ గుడ్డు ఫారం దగ్గర ఎంతకు మొదలైందో మీకూ తెలియాలి కదా.

బ్రాయిలర్ రైతుల బాధ వేరు. పిల్లలు, దాణా కంపెనీలే ఇచ్చి, పెంచినందుకు కిలోకు ఇంతని కూలి కట్టే పద్ధతిలో వాళ్లలో చాలామందికి అసలు మార్కెట్ రేటుతో సంబంధమే లేకుండా పోయింది. అది ఇంకో పెద్ద ఉత్తరం. వాళ్లలో ఎవరో రాయాలి.

ఇప్పుడు, ఎలా చేయొచ్చో నాకు తోచింది చెబుతాను. రేటు నిర్ణయించమని మేం అడగడం లేదు. గుడ్లను యార్డుకు తెచ్చి వేలం వేయించమనీ అడగడం లేదు. అన్నిసార్లు ఎత్తి దించితే గుడ్లు మిగలవు. జరిగిన అమ్మకం రాసుకుని బయటపెట్టమంటున్నాం, అంతే. మన మార్కెట్ల చట్టం 1966లో వచ్చింది. వ్యవసాయోత్పత్తులతో పాటు పశుసంపద అన్న మాట ఆ చట్టం పేరులోనే ఉంది. ధరల సమాచారం సేకరించడానికి కొత్త చట్టం కోసం ఆగాల్సిన పనేముంది?

మొదట కావాల్సింది చిట్టీ. గుడ్లు ఎత్తే ప్రతి వ్యాపారీ ఒకే నమూనాలో చిట్టీ ఇవ్వాలి. తేదీ, గుడ్ల సంఖ్య, ఆ రోజు పేపర్ రేటు, మైనస్ ఎంత, డ్యామేజీ కింద ఎన్ని గుడ్లు కోశారు, నికరంగా గుడ్డుకు ఎంత పడింది, డబ్బు ఎప్పటిలోగా ఇస్తారు. ఈ ఏడు అంకెలు చాలు. ఇప్పుడు కొందరు సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిస్తారు, కొందరు నోటితోనే చెబుతారు. డ్యామేజీ గుడ్లు మా కళ్ల ముందు లెక్కపెట్టడం కూడా తప్పనిసరి చేయండి. లారీ వెళ్లిపోయాక "మీ ట్రేల్లో 200 పగిలాయి" అంటే కాదనడానికి మా దగ్గర ఏముంటుంది?

తర్వాత, నెక్ రేటు చెప్పే ప్రతి కేంద్రం పరిధిలో చిన్నవీ పెద్దవీ కలిపి కొన్ని ఫారాలను ఎంచుకోండి. సాయంత్రానికి ఆ చిట్టీల ఫొటోలు తెప్పించుకోండి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో పశుసంవర్ధక సహాయకులున్నారు. తెలంగాణలో షాద్‌నగర్, సిద్దిపేట లాంటి చోట్ల మండల పశువైద్యాధికారులకు ఏ ఫారం ఎక్కడుందో ముందే తెలుసు. ఏ రైతు పేరూ, ఏ వ్యాపారి పేరూ బయటపెట్టొద్దు. ఆ రోజు ఆ కేంద్రంలో తక్కువలో తక్కువ ఎంతకు అమ్మారు, ఎక్కువలో ఎక్కువ ఎంతకు, ఎక్కువ గుడ్లు ఏ రేటుకు పోయాయి, మొత్తం ఎన్ని గుడ్లు లెక్కలోకి వచ్చాయి, ఇంతవరకే పెట్టండి. 10 వేల లోపు, 50 వేల లోపు, ఆ పైన అని కోళ్ల సంఖ్యను బట్టి విడగొడితే ఇంకా మంచిది. చిన్న షెడ్డుకు ఎంత తేడా పడుతోందో అప్పుడు ఎవరూ కాదనలేరు. కొత్త బ్యాచ్ పెట్టే చిన్న గుడ్లను వేరుగా చూపాలి, లేకపోతే అవి సగటును కిందికి లాగుతాయి.

వ్యాపారులు అభ్యంతరం చెబుతారని తెలుసు. మావాళ్లలోనే కొందరు భయపడుతున్నారు, అమ్మకాలు రాసుకుంటే రేపు సెస్సు వేస్తారని. ఆ భయం తీరాలంటే ఈ లెక్కలు ధరల ప్రకటనకు తప్ప ఇంక దేనికీ వాడబోమని జీవోలోనే రాయండి. నిజాయితీగా నడిచే వ్యాపారికి దీనివల్ల పోయేదేమీ లేదు. నిజంగానే అవతల మార్కెట్ పడిపోయి అతను 40 పైసలు తగ్గిస్తే, అందరి చిట్టీల్లోనూ అదే కనిపిస్తుంది, మేం అతన్ని అనుమానించం. ఈ రోజు అతని మంచితనానికీ రుజువు లేదు.

రెండు రాష్ట్రాలూ ఒకేసారి అన్ని చోట్లా మొదలుపెట్టడం కష్టమైతే ముందు తూర్పు, పశ్చిమ గోదావరి కేంద్రాలతో, అటు హైదరాబాద్ కేంద్రంతో మొదలుపెట్టండి. వచ్చే కార్తీకంలోపు మొదలైతే ఆ నెలలో రేటు పడిపోయేటప్పుడూ, తర్వాత చలికాలంలో పెరిగేటప్పుడూ ఏం జరిగిందో మొదటి ఏడాదే తెలుస్తుంది. నమూనా ఫారాల్లో మా షెడ్డును కూడా చేర్చుకోండి. ఇన్నేళ్ల చిట్టీలు కట్టలు కట్టి దాచి ఉంచాను. మీ అధికారి ఎప్పుడు వచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
అనపర్తి ప్రాంతం నుంచి ఒక లేయర్ రైతు